పదకొండు చేతులు

అయ్యగారు పోయారన్న కబురు నాకు పాల్వంచలో ఫ్లెక్సీలు కొట్టే దుకాణం నుంచి వచ్చింది. పొద్దున అంగన్‌వాడీ సెంటరు తాళం తీస్తుంటే ఫోన్ మోగింది. "మేడం, మీ ఊరాయన ఫొటో కింద పాస్టరు అని పెట్టాల్నా, మాజీ సర్పంచి అని పెట్టాల్నా? రెండు పార్టీలోళ్లు రెండు తీర్ల చెప్తున్రు. మిమ్మల్ని అడగమని నంబరిచ్చిన్రు" అన్నాడు ఎవరో అబ్బాయి. ఏ ఊరాయన అని అడిగాను. "అయ్యో, మీకింకా తెల్వదా" అన్నాడు. తెల్లవారుజామున భద్రాచలం దవాఖానాలో ప్రాణం పోయిందట. ఆయన శరీరం గోదావరి వంతెన దాటి ఇవతలికి రానేలేదు, ఫ్లెక్సీ ఎంత పొడుగుండాలో మాత్రం తేలిపోయింది.

నాకు ఏడుపు రావాలి. రాలేదు. "ఏదో ఒకటి పెట్టుకో నాయనా" అని ఫోన్ పెట్టేశాను.

ఆయన జ్ఞాపకంగా ఇప్పుడు చిన్న పుస్తకం వేస్తున్నారు. నన్ను నాలుగు మంచి మాటలు రాసిమ్మన్నారు. ఆయన గురించి చెప్పడానికి నా దగ్గర నాలుగు కంటే ఎక్కువే ఉన్నాయి, అన్నీ రాస్తాను. వాటితో పాటు, మా ఊరి గుట్ట మీద కంకర క్వారీకి జనం ఎలా ఒప్పుకున్నారో అది కూడా రాస్తాను. క్వారీ గడువు అయిపోవచ్చింది. మిగిలిన సగం గుట్ట కోసం మళ్లీ గ్రామసభ పెడుతున్నారు. పాత తీర్మానం చూపించి, ఊరంతా అప్పుడే ఒప్పుకుందని చెబుతున్నారు. ఒప్పుకోలేదని నాకు తెలుసు. అప్పుడు చెప్పలేదు. పుస్తకంవాళ్లు ఆ ముక్క తీసేస్తే, మీరైనా చదువుతారని ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు బూర్గంపాడు రోడ్డు వదిలి అడవిలోకి పోతే వస్తుంది. ఎక్కువ ఇళ్లు కోయవాళ్లవి, తమ వేల్పులను తాము కొలుచుకునేవాళ్లవి. చర్చికి పోయే ఇళ్లు పట్టుమని పదిహేను ఉండవు. అయ్యగారు కూడా కోయవారే. చిన్నప్పుడు ఎక్కడో హాస్టల్లో ఉండి చదివి, ప్రభువును నమ్ముకుని, సైకిలు మీద బైబిలు పెట్టుకుని సొంత ఊరికే పాస్టరుగా తిరిగొచ్చారు. ఊళ్లో ఆయనకున్న ఒకే ఒక్క రక్తసంబంధం ఆయన అక్క. ఆమె పాత దారిలోనే ఉంది. ఊరంతా ఆమెను అవ్వ అంటుంది, నేనూ అంతే.

నేను టేకులపల్లి అవతల నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చాను. నా చదువు ఎనిమిదితోనే ఆగిపోయింది. ఒకరోజు వాకిట్లో బియ్యం చెరుగుతుంటే అయ్యగారు సైకిలు ఆపి, కాలు కింద పెట్టి నిలబడ్డారు. "బిడ్డా, చాటల రాయి నీకు చూడంగనే కనబడుతున్నది గదా. లెక్కల తప్పు గూడ గట్లనే కనబడ్తది. రేపటికెల్లి పలక పట్టుకొని రా" అన్నారు. మా అత్తగారు పాస్టరు మాట కాదనలేక ఊరుకుంది. రెండేళ్లు ఆయన చర్చి వసారాలో నాకు పాఠాలు చెప్పారు. పదో తరగతి పరీక్ష రోజు సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోయి, గేటు బయట నేను వచ్చేదాకా ఎండలో నిలబడ్డారు. అంగన్‌వాడీ ఉద్యోగానికి కాగితాలన్నీ ఆయనే దగ్గరుండి రాయించారు. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్ష. ఇందులో నాకు ఎలాంటి సందేహమూ లేదు.

ఆయన సంచిలో బైబిలు పక్కనే జ్వరం బిళ్లలు ఉండేవి. ముందు బిళ్ల వేయించి, తర్వాతే ప్రార్థన చేసేవారు. చర్చికి రాని ఇళ్లకూ అలాగే పోయేవారు. ఎవరినీ మా దేవుడి దగ్గరికి రమ్మని పీడించేవారు కాదు.

ఆదివారం ఆరాధన అయ్యాక అన్నం మాత్రం అక్క ఇంట్లోనే తినేవారు. కొత్త పంట వచ్చినప్పుడు వేల్పులకు పెట్టనిదే అవ్వ ఇంట్లో ఎవరూ నోట్లో పెట్టుకోరు. పెట్టింది ఆయన తినరు. అందుకని అవ్వ పాత బియ్యం దాచి, తమ్ముడి కోసం వేరే పొయ్యి మీద చిన్న కుండలో వండేది. "నా దేవునికి కొత్తయి, నీ దేవునికి పాతయి. ఇద్దరికీ కోపం రాదు" అనేది. అయ్యగారు తల వంచుకుని నవ్వుతూ తినేవారు. వెంట పోయిన నాకూ ఆమె ఓ ముద్ద పెట్టేది.

ఇక చేతుల సంగతి. ఆరాధన చివర అయ్యగారు ఒక మాట చెప్పేవారు. "అందరు కండ్లు మూసుకోండి. ఎవ్వరు ఎవ్వర్ని చూడొద్దు. ప్రభువుకు మనసిచ్చేటోళ్లు చెయ్యి పైకెత్తండి." పక్కవాళ్లను చూసి సిగ్గుపడకుండా, భయపడకుండా ఎవరి మనసు వాళ్లు చెప్పుకోవడానికి అది పద్ధతి. ఆయన కూడా కళ్లద్దాలు తీసి, చొక్కా జేబులో పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకునేవారు. కళ్లు తెరిచి ఉండాల్సింది నేనొక్కదాన్నే. ఎన్ని చేతులు లేచాయో చూసి చీటీ మీద రాసి ఇవ్వడం నా పని. ఆ అంకె ఆయన ప్రతి నెలా చర్చి పైవాళ్లకు పంపేవారు. ఊళ్లో అందరికీ ఆ సంగతి తెలుసు. చెట్టు కింద కూర్చున్న ముసలివాళ్లు నన్ను చూసి "చేతులు లెక్కపెట్టే పిల్ల వస్తున్నది" అని ఆటపట్టించేవాళ్లు.

ఒక నెల మూడే చేతులు లేచాయి. ఆయన మొహం చిన్నబోతుందని నేను అయిదు అని రాశాను. ఆయన చీటీ చూసి, చర్చి ఖాళీ అయ్యేదాకా ఆగి, నన్ను పిలిచారు. "ఆ రెండు చేతులు ఎవరియమ్మా" అని అడిగారు. "ఎత్తని చెయ్యి ఎత్తిన్రని రాస్తె అది దొంగతనం. దొంగిలిచ్చింది వాళ్ల మనసు. ఇంకోసారి రాయకు" అన్నారు. కోప్పడలేదు. చీటీ కొట్టేసి మూడు అని ఆయనే రాసుకున్నారు. ఆ రోజు నాకు ఆయన మీద పుట్టిన గౌరవం ఇంత అని చెప్పలేను. ఇప్పుడు తలుచుకుంటే ఆ గౌరవం మీదే నాకు ఎక్కువ కోపం వస్తుంది.

ఆయన రాజకీయాల్లోకి ఎందుకు వచ్చారో కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం చేసినదాన్నవుతాను. మా ఊరికీ రోడ్డుకూ మధ్య వాగు ఉంది. ఒక వానాకాలం మా ఆడపడుచుకు నొప్పులు వచ్చాయి. మంచానికి కర్రలు కట్టి మోసుకుపోతే వాగు నిండుగా పారుతోంది. అవతలి ఒడ్డున అంబులెన్సు కనబడుతూనే ఉంది. అయ్యగారు మోకాళ్ల మీద బురదలో కూర్చుని ప్రార్థన చేశారు. మధ్యాహ్నానికి నీళ్లు తగ్గాయి, అప్పటికి ఆమె లేదు. ఆయన లేచి ప్యాంటుకు అంటిన బురద దులుపుకోలేదు. "నేను దేవున్ని అడగాల్సింది వేరే, సర్కారును అడగాల్సింది వేరే. రెండూ దేవున్నే అడిగిన" అన్నారు మా ఆయనతో. ఆ మరుసటి ఎన్నికల్లో సర్పంచిగా నిలబడ్డారు. చర్చి ఇళ్లు పదిహేను లేకపోయినా ఊరంతా ఓట్లు వేసింది. మూడో ఏటికల్లా వాగు మీద వంతెన లేచింది. నా రెండో కాన్పుకు అంబులెన్సు మా వాకిట్లోకి వచ్చింది. ఆ ఒక్క ఉపకారానికే ఆయన ఫొటో ఇంట్లో పెట్టుకోవచ్చు, పెట్టుకున్నాను కూడా.

తర్వాత రెండోసారి గెలిచారు. అక్కడి నుంచి మనిషి మారుతూ వచ్చారు. సైకిలు పోయి కారు వచ్చిందని నేను తప్పుపట్టను, ఆయన మోకాళ్లు అప్పటికే అరిగిపోయాయి. కండువా మూడుసార్లు మారింది, దానికీ అలవాటుపడ్డాం. నాకు మింగుడుపడనిది ఆయన గొంతు. చర్చిలో వాడిన ఆ మెత్తటి గొంతునే మీటింగుల్లో వాడేవారు. ఎదుటివాడు ప్రశ్న అడగబోతే "తమ్మీ, ముందుగాల ప్రార్థన చేసుకుందాం" అనేవారు. ప్రార్థన అయ్యాక ఆ ప్రశ్న అడగడానికి ఎవరికీ నోరు రాదు. ఇంతకాలం ఓదార్చడానికి పనికొచ్చింది ఇప్పుడు నోరు మూయించడానికి పనికొస్తోంది. చూస్తుంటే రోత పుట్టేది. చూస్తూనే ఉన్నాను, ఏమీ అనలేదు.

సర్పంచి పదవి ఆయనకు చాలలేదు. ఎమ్మెల్యే టికెట్టు కావాలనుకున్నారు. టికెట్టు ఇప్పిస్తానన్నవాడికి మా గుట్ట మీద కంకర కావాలి. ఆ గుట్ట వాలులో పాత పోడు చేలు ఉన్నాయి. అవ్వ కంది వేసుకునేది కూడా అక్కడే. గ్రామసభ ఒప్పుకోకపోతే క్వారీ రాదు.

సభ మా సెంటరు ముందే పెట్టారు. ఊరు ఊరంతా వచ్చింది. కంపెనీ మనిషి కుర్చీలో కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు. అయ్యగారు తెల్లబట్టలు, కొత్త కండువా వేసుకుని లేచి, క్వారీ వస్తే ఊరికి పని దొరుకుతుందని, అది దేవుడు చూపిన దారని చెప్పారు. అవ్వ వెనక నుంచి లేచి అడిగింది.

"తమ్ముడా, గుట్ట మీద నా కందిచేను ఉన్నది గదా. గది ఏమైతది?"

ఆయన అక్క వైపు చూడలేదు. "అక్కా కూసో. ముందుగాల ప్రార్థన చేసుకుందాం" అన్నారు. అవ్వ కూర్చుంది. ఆయన కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. ఆ తర్వాత ఏం చేస్తారో నాకు తెలుసు. "అందరు కండ్లు మూసుకోండి. ఎవ్వరు ఎవ్వర్ని చూడొద్దు. ఊరు బాగుపడాలని కోరుకునేటోళ్లు, క్వారీకి ఒప్పుకునేటోళ్లు చెయ్యి పైకెత్తండి."

జనం తలలు వంచారు. నేను అలవాటు ప్రకారం చూశాను. వందకు పైగా ఉన్న జనంలో పదకొండు చేతులు లేచాయి. రెండుసార్లు చూశాను, అవే పదకొండు. మిగతావాళ్ల చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

అయ్యగారు కళ్లు తెరవకుండానే, అదే మెత్తటి గొంతుతో అడిగారు. "అమ్మా, అందరు ఎత్తిన్రు గదా?"

నాకు ఉద్యోగం గుర్తొచ్చింది. ఎండలో గేటు బయట నిలబడ్డ మనిషి గుర్తొచ్చాడు. వంతెన గుర్తొచ్చింది. "ఎత్తిన్రు అయ్యగారు" అన్నాను. "ఆమేన్" అని ఆయన కళ్లు తెరిచారు. అప్పటికి చేతులన్నీ కిందికి దిగాయి. పంచాయతీ కార్యదర్శి ఏకగ్రీవం అని రాసుకున్నాడు. జనం మాట్లాడకుండా లేచి పోయారు.

ఆయన అబద్ధం ఆడలేదు, చూడండి. కళ్లు మూసుకున్నారు, అంతే. ఆడింది నేను. ఎత్తని చెయ్యి రాయొద్దని నాకు నేర్పిన మనిషే, ఆ పని నా చేత చేయించి తన చేతులు శుభ్రంగా పెట్టుకున్నారు. ఇంతకాలం నేను ఆయన్ని అసహ్యించుకున్నది దీనికే. నన్ను నేను అసహ్యించుకున్నదీ దీనికే.

క్వారీ వచ్చింది. అంబులెన్సు కోసం కట్టిన వంతెన మీద టిప్పర్లు తిరిగాయి. ఊళ్లో ముగ్గురికి పని దొరికింది, అదీ కాపలా పని. అవ్వ కందిచేను పోయింది. అయ్యగారు ఆదివారం అన్నానికి అక్క ఇంటికి రావడం మానేశారు. టికెట్టు వేరేవాడికి వచ్చింది. టికెట్టు ఇప్పిస్తానన్నవాడు ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆయన మళ్లీ చర్చిలో ప్రసంగం చేయడానికి వచ్చారు. చేతులెత్తమన్నప్పుడు నేను ఇంట్లో పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చానని సాకు చెప్పి బయటికి వచ్చేశాను. ఆ తర్వాత ఆయన నన్ను ఎప్పుడూ లెక్క అడగలేదు.

చివరి జబ్బులో ఒకసారి దవాఖానాకు పోయి చూశాను. మనిషి సగమయ్యారు. మంచం పక్కన ఒక్క పార్టీవాడూ లేడు. నేను నారింజ ఒలిచి తొనలు చేతిలో పెట్టాను. తింటూ అడిగారు.

"గుట్ట ఎంతున్నదమ్మా ఇంక?"

"సగమున్నది అయ్యగారు."

ఆయన కిటికీ వైపు తిరిగారు. క్షమించమంటారేమో అని నేను ఎదురుచూశాను. ఆ ఒక్క మాట అంటే అంతా కడుక్కుపోతుందనుకున్నాను, అంత ఆశ ఉండేది నాకు ఆ మనిషి మీద. ఆయన తొన నమిలి మింగి, "నువ్వే గదమ్మా చెప్పింది, అందరు ఎత్తిన్రని" అన్నారు.

నేను నారింజ తొక్కలు కొంగులో ఏరుకుని లేచి వచ్చేశాను. మళ్లీ పోలేదు. ఆయన పోతే ఏడుపెందుకు రాలేదో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

సమాధి రోజు ఊరు ఎప్పుడూ చూడని కార్లు వచ్చాయి. ఏడాదిగా మంచం పట్టిన మనిషిని ఒక్కరోజూ వచ్చి చూడనివాళ్లు, శవపెట్టె మీద తమ కండువా కప్పాలని రెండు జట్లుగా తోసుకున్నారు. చివరికి ఒకటి కాళ్ల మీద, ఒకటి ఛాతీ మీద కప్పారు. ఆయన ఇరవై ఏళ్లు చేతిలో పట్టుకుని తిరిగిన బైబిలు ఎక్కడుందో ఎవరూ అడగలేదు. అవ్వను ముందుకు రానివ్వండి అని నేను చెబితే, ఫొటోలు అయ్యాక అన్నారు. మైకు పట్టుకున్న నాయకుడొకడు, "తన హయాంలో ప్రతి తీర్మానం ఏకగ్రీవంగా చేయించిన మహానుభావుడు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. సమాధి దగ్గర చప్పట్లు కొట్టడం నేను అదే మొదటిసారి చూడడం. చర్చి గోడ వెనక్కి పోయి వాంతి చేసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే అవ్వ ఇంటికి పోయాను. కందిచేను పోయాక ఆమె అడ్డాకులతో విస్తళ్లు కుట్టి బతుకుతోంది. ఆకుల కుప్ప పక్కన కూర్చుని పుల్లలు చీలుస్తోంది. నేను ఎదురుగా చతికిలబడి, ఇన్నేళ్లూ గొంతులో పెట్టుకున్నది కక్కేశాను.

"అవ్వా, నేను నీకు అన్యాయం చేసిన. ఆనాడు సభల అందరు చేతులెత్తలే. పదకొండు మందే ఎత్తిన్రు. మీరంత కండ్లు మూసుకున్నరు, నేను చూసిన. చూసి అబద్ధం చెప్పిన."

అవ్వ పుల్ల చీల్చడం ఆపలేదు.

"అవ్. పదకొండే" అంది.

నాకు అర్థం కాలేదు. "నీకెట్ల ఎరుక?"

"కండ్లు మూసుకొనుడు మీ చర్చోళ్ల పద్ధతి బిడ్డా. మాకేడిది? తలకాయ వంచినం, మర్యాదకు. కండ్లు తెర్సుకునే ఉన్నం. నేను చూసిన, మావోళ్లందరు చూసిన్రు."

"మరి ఎవ్వరు ఎందుకు మాట్లాడలే అవ్వా?"

"నీ దిక్కే చూసినం. లెక్కపెట్టేది నువ్వు గదా, నువ్వు చెప్తవనుకున్నం. నువ్వు ఎత్తిన్రు అంటివి. గప్పుడు నేను లేచి కాదంటే, నా తమ్ముడు దొంగ అని ఊరి ముందట నేనే చెప్పినట్టయితది. నాతోని కాలే." చీల్చిన పుల్లను పక్కన పెట్టింది. "వాడు ఇప్పుడు లేడు. ఇగ వచ్చే సభల నాకు అడ్డం లేదు. నీకున్నదా?"

ఇన్నేళ్లూ ఆ నిజం నా ఒక్కదాని దగ్గరే ఉందనుకుని కుమిలిపోయాను. ఊరంతటికీ తెలుసు. నేను అబద్ధం చెప్పడం వందమంది కళ్లారా చూశారు. ఆ తర్వాత కూడా వాళ్ల పిల్లల్ని రోజూ నా సెంటరుకే పంపారు, ఎదురైతే నన్ను పలకరించారు.

"లేదు అవ్వా" అన్నాను. "సభల నిలబడి చెప్త. పదకొండు అని చెప్త."

అవ్వ నా వైపు చూడలేదు. నమ్మిందో లేదో తెలియలేదు. గుట్ట వైపు రాళ్లు పగలగొట్టే క్రషర్ మొదలైనట్టుంది, నేల సన్నగా అదురుతోంది. ఆమె కుప్పలోంచి ఒక ఆకు తీసి, దాని మీద పేరుకున్న తెల్లటి దుమ్మును కొంగుతో రెండు వైపులా తుడిచి, పుల్ల గుచ్చి, ఇంకో ఆకు అందుకుంది.